చెత్త అనుకొని చెరిపిన టీఎంపీ ఫైళ్లు

మాది మెట్‌పల్లి దిక్కు, ఎవుసం ఇల్లు. డిగ్రీ అయినంక బొగ్గుగని ఆఫీసుల క్లర్కు నౌకరి దొరికిందని చెప్తే మా బాపు, "పసుపు చేను ఇడిచిపెట్టి మసి పనికి పోతవారా" అని నాలుగు దినాలు మాట్లాడలే. పన్నెండేండ్లు టైపు మిషన్ల నడుమ, రిజిస్టర్ల నడుమ కూసున్న. అటెనుక కంప్యూటర్లు వచ్చినయి. ఆఫీసు మొత్తంల ఇంగ్లీషు పుస్తకం చూసి బుగులు పడనోడు నేనొక్కన్నే కనవడ్డనేమో, నన్ను హైదరాబాదుకు మూడు నెలల ట్రైనింగుకు పంపిన్రు. తిరిగి వచ్చేసరికి "కంప్యూటర్ రాజేశం" అయిన. రిటైరయ్యేదాక గదే పేరు.

ఇప్పుడు మా తమ్ముని బిడ్డ సరిత కరీంనగర్ల ఒక ఆఫీసుల గదే పనిల చేరింది. మొన్న ఫోన్ చేసి, "పెద్దబాపూ, పాత సాఫ్ట్‌వేర్ తీసేసిన. దాని ఫోల్డర్లు, ఫైళ్లు ఇంక మిగిలే ఉన్నయి. అన్నీ పట్టి డిలీట్ కొట్టాల్నా?" అని అడిగింది.

"ఆగు బిడ్డా, చెయ్యి ఎనుకకు తీస్కో" అన్న.

ఫోన్ల చెప్తే ఒడిసే ముచ్చట కాదు. గందుకే రాస్తున్న. నా ప్రమోషన్లు, నాకు కప్పిన శాలువలు ఇందుల ఉండయి. మా ఊరి పేరు, ఆఫీసు పేరు గూడ రాయను. అక్కడ జరిగిన తప్పు ఆఫీసుది కాదు, నాది.

నన్ను బ్యాడ్ అంటుంది

ముందుగాల ఒక నవ్వులాట ముచ్చట. అది తొంభైల మొదట్ల. మా దిక్కు కంప్యూటర్ బాగుచేసేటోళ్లు తక్కువ. ఎవ్వల మిషన్ మొరాయించినా నాకే కబురు. ఆసిఫాబాద్ల ఒక ఆఫీసు సూపరింటెండెంట్ మనిషిని తోలిండు. పొయ్యి చూస్తే ఆయన మొఖం ఇంతైంది.

"రాజేశం, ఇరవై ఏండ్ల సర్వీసుల నేను ఒక్కలతోని మాట పడలే. గీ మిషన్ రోజు పొద్దుగాల లేవంగనే నన్ను బ్యాడ్ అంటుంది. జవాన్లు గూడ చూస్తున్నరు. ఇజ్జత్ పోతుంది" అన్నడు.

స్విచ్ ఏసి చూసిన. "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్" అని తెర మీదికి వచ్చింది. నవ్వు ఆపుకునుడు నా పాణం మీదికి వచ్చింది.

ఏమైందంటే, ఎవ్వలో అందుల చదరంగం ఆట ఎక్కిచ్చుకున్నరు. పెద్దసారు చూస్తడని బుగులు పడి ఆట ఉన్న డైరెక్టరీని, అంటే ఇప్పుడు మీరు ఫోల్డర్ అనేదాన్ని, చేతితోని చెరిపేసిన్రు. గని మిషన్ లేవంగనే ఏమేం చెయ్యాల్నో చెప్పే ఫైలు ఒకటి ఉంటది, అందుల ఆటను పిలిచే లైను అట్లనే ఉన్నది. మిషన్ రోజు పొద్దుగాల లేని ఆటను దేవులాడుతుంది, దొరకలేదని చెప్తుంది. ఈయనేమో తననే తిడుతుందనుకున్నడు. నేను ఆ లైనును చెరపలే. దాని ముంగట "రెమ్" అని మూడక్షరాలు పెట్టిన. అట్ల పెడితే లైను ఉంటది గని మిషన్ దాని దిక్కు చూడది. రేపు తప్పు తేలితే ఆ మూడక్షరాలు తీసేస్తే సరి.

"ఇంక తిట్టది గద?" అన్నడు చాయ తాగుకుంట.

"తిట్టది సార్, గ్యారంటీ."

గీ పనిల ఉన్న గుట్టు నాకు అప్పుడే జర తెలిసింది. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి పోయినోడు ఏదో ఒకటి ఇడిచిపెట్టే పోతడు. గోడకు మేకులు, అటుక మీద కుండ, దండెం తాడు. అవన్ని పారేయొచ్చు. గని ఒక్కోపారి వానింట్లకెల్లి పక్కింటి బల్బుకు ఒక వైరు పోతుంటది. అది గూడ చెత్తనే అని కోస్తే పక్కింట్ల చీకటైతది. ప్రోగ్రామ్ తీసేసినంక మిగిలిన ఫైళ్లు గూడ గంతే. కొన్ని దానియే, కొన్ని ఇంకో నాలుగు ప్రోగ్రామ్‌లు వాడుకునేటియి.

ఇంత తెలిసినోణ్ని నేనే ముంచిన. అది చెప్త.

పోశాలు చెప్పింది నేను ఇనలే

మా సెక్షన్ల పోశాలు అని అటెండర్ ఉండె. అంతకుముందు భూమిలోపట పనిచేసిండు. బొగ్గు తీసిన జాగల పైకప్పుకు ఆనిచ్చిన కర్రలను మళ్ల గుంజి తీసే పని ఆయనది. నడుం పోతే మీదికి తెచ్చి అటెండర్ చేసిన్రు.

ఒకనాడు నేను చకచక ఫైళ్లు చెరుపుతుంటే ఎనుక నిలబడి చూసిండు. "గంత జల్ది ఎట్ల తీస్తున్నవ్ సారూ? మేం ఒక్క కర్ర గుంజాల్నంటే ముందుగాల కప్పును కట్టెతోని కొట్టి ఇనేటోళ్లం. ఖణ్‌మంటే గుంజేది. బోలు సప్పుడు వచ్చిందా, గా కర్రను ముట్టకపోదుం. దాని మీద బరువున్నట్టు."

"నీ కప్పు కూలితే మనుషులు సస్తరు పోశాలూ. నా దాంట్ల కూలితే ఏముంది, గాలి" అని నవ్విన.

ఆయన గూడ నవ్విండు.

నా చీపురు

ఆ రోజులల్ల డిస్కుల జాగ శానా తక్కువ. ఇప్పుడు మీ ఫోన్ల ఒక్క పెండ్లి వీడియో పట్టినంత జాగల మా ఆఫీసు మొత్తం ఉండేది. హాజరు ప్రోగ్రామ్ పాతది బాగలేదని పైనుంచి కొత్తది పంపిన్రు. అది పట్టాల్నంటే పాతది తీసెయ్యాలె. దాన్ని తీసేసే పద్ధతి దాంట్లనే ఉన్నది, తీసేసిన. గని అది అటుకల కుండలు బాగనే ఇడిచిపెట్టి పోయింది.

ఫైలు పేరుకు చివర్ల ఒక చుక్క, చుక్క ఎనుక మూడక్షరాల తోక ఉంటది. ప్రోగ్రామ్‌లు పని నడుమ తాత్కాలికంగ చేసుకునే ఫైళ్లకు టీఎంపీ అని తోక పెడుతయి. పని ఒడిసినంక అవి చెత్తనే. పుస్తకంల గట్లనే రాసి ఉండె. నేను ఏం చేసిన? మిషన్ల ఎన్ని డైరెక్టరీలున్నయో అన్నిట్లకు పొయ్యి టీఎంపీ తోకున్న ప్రతి ఫైలును చెరిపేటట్టు ఒక చిన్న కమాండ్ల ఫైలు రాసుకున్న. దానికి "చీపురు" అని పేరు పెట్టిన. ఒక్క మీట నొక్కితే ఇల్లంత ఊడుస్తది. నాకు ఎంత గర్వమో! ఇంక నడపకముందే, ఎవ్వలన్న వస్తే దాని రాత చూపిచ్చేది.

ఇంకో ముచ్చట తెల్వాలె. ఒక డైరెక్టరీల ఉన్న అన్నిటిని చెరుపుమంటే ఆ మిషన్ "నిజంగనేనా" అని అడుగుతుండె. టీఎంపీ వాటినే చెరుపుమంటే అడగకపోతుండె. చప్పుడు చేయకుంట చెరిపేది.

కొత్త ప్రోగ్రామ్ ఎక్కియ్యాల్సిన దినం పొద్దుగాల పదిగంటలకు చీపురును మొదటిపారి నడిపిన. ఎన్ని ఫైళ్లున్నయో, ఎవ్వలియో, ఏ తారీకుయో చూడలే.

ప్రమీలమ్మ పని

ఆ మిషన్ మీద నాతోని పాటు ఇంకొకలు పనిచేస్తుండె. టైపిస్టు ప్రమీలమ్మ. పెనిమిటి గనిల పోతే ఆ నౌకరి ఈమెకు ఇచ్చిన్రు. ముందుగాల కాయితాలు మోసే పని. రెండేండ్లు టైపు నేర్చుకొని, పరీక్ష పాసై టైపిస్టు అయింది. ఆఫీసు కాయితాలల్ల ఆమె పేరు టి. ఎం. ప్రమీల. టి అంటే తోట, ఇంటి పేరు. నడుమ ఎం ఏందో నేను ఎన్నడు అడగలే.

ఆమె ఎనిమిది నెలల నుంచి ఒక్కటే పని చేస్తుండె. మా దిక్కు మొదటి గని రిజిస్టర్ ఒకటి ఉండేది. పాతకాలం హాజరు గుమాస్తాలు ఉర్దూల రాసింది. ఎవ్వలు ఎప్పుడు పుట్టిన్రు, ఎప్పుడు పనిల చేరిన్రు, ఏ ఊరు, అవ్వ బాపు ఎవ్వలు, పెండ్లాం పిల్లలెవ్వలు, అన్నీ అందులనే. ముసలోళ్లకు పింఛన్ రావాల్నన్నా, చచ్చిపోయినోళ్ల పిల్లలకు నౌకరి కావాల్నన్నా ఆ రిజిస్టర్ల పేరు తేలాలె. అది చెదలు పట్టి, కాయితం ఒకపారి తిప్పితే రెండోపారికి పొడి అయితుండె. రిటైరైన ఖాదర్ సాబ్‌ను బతిమిలాడి పిలిపిచ్చిన్రు. ఆయన ఉర్దూల చదివి తెలుగుల చెప్పేది, ప్రమీలమ్మ ఇంగ్లీషుల కొట్టేది. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క ఫైలు. ఆఖరి పేజీ అయిన నెలకు ఖాదర్ సాబ్ పోయిండు. ఇగ ఆ పుస్తకం చదివెటోడు లేడు, చదవనీకె పుస్తకం గూడ సక్కగ లేదు.

రెండుపార్లు నా కాడికి వచ్చి, "సారూ, కాపీ పెట్టుకుంట, నాలుగు ఫ్లాపీలు ఇయ్యుండ్రి" అని అడిగింది. ఫ్లాపీలు నా బీరువల ఉండె, తాళం నా జేబుల ఉండె. "సామాను అడిగే ఇండెంట్ కాయితం రాసుకొని రా ప్రమీలమ్మా" అన్న. రాసుకొని వచ్చింది. "ఇందుల సారు సంతకం లేదు" అని ఎనుకకు తోలిన. గిది చీపురు కన్న పెద్ద తప్పు.

వైరస్ అన్న

పదకొండు గంటలకు ఆమె వచ్చి మిషన్ ముంగట కూసున్నది. కొద్దిసేపటికి లేచి నిలబడ్డది.

"సారూ, నా డైరెక్టరీల ఒక్క ఫైలు గూడ లేదు."

"ఏం పేరు పెట్టినవ్?"

"మనిషి పేరు, చుక్క, ఎనుక టీఎంపీ."

"టీఎంపీ ఎందుకు పెట్టినవ్?" అన్న.

"టైపు ఇన్‌స్టిట్యూట్ల గట్లనే నేర్పిన్రు గద సారూ. కొట్టినోళ్లు కాయితం చివర్ల తమ పేరు పొడి అక్షరాలు ఎయ్యాలె అని. ఇందుల గూడ చివర్ల మూడక్షరాలు అడిగింది, నాయి ఏసిన."

నిజమే. టైపిస్టులందరు ఉత్తరం అడుగున ఎడమ దిక్కు తమ పొడి అక్షరాలు కొడుతరు. పన్నెండేండ్లు నేను గూడ కొట్టిన. ఆమె చేసిన దాంట్ల తప్పు ఇంచంత లేదు.

గంతల్నే మా ఆఫీసర్ దామోదర్ సారు కొత్త ప్రోగ్రామ్ ఫ్లాపీలు పట్టుకొని వచ్చిండు. ఆయన కోపం చాయ పొంగినట్టు, పొంగుడెంతనో తగ్గుడు గూడ అంతనే. "ఏమైంది, గట్ల నిలబడ్డరు?" అన్నడు. ప్రమీలమ్మ చెప్పింది. మరుసటి వారం పెద్దాఫీసు నుంచి కమిటీ వస్తుంది. వారసుల దరఖాస్తులు చూసేది గీ ఫైళ్లను బట్టే.

"ఎట్ల పోయినయ్ రాజేశం?"

"వైరస్ కావచ్చు సార్" అన్న.

చెప్పుకోవాల్నంటే ఇప్పటికీ సిగ్గు అయితది. అప్పుడు ఏది చెడినా వైరస్ అంటే అందరు నమ్ముతుండె. సారు ప్రమీలమ్మ దిక్కు తిరిగిండు. "ఎవ్వలియన్న బయటి ఫ్లాపీలు పెట్టినవా? చేతకానప్పుడు చెప్పాలె గదా! ఇన్ని ఇండ్ల గతి ఏం కావాలె?" అని గట్టిగ అర్సిండు.

ఆమె ఏడ్వలే. తన చేతులు చూసుకున్నది. "నేనే ఏదన్న తప్పు మీట కొట్టిన్నేమో సారూ" అన్నది.

"పోయింది పోయింది. రాజేశం, ముందుగాల కొత్త ప్రోగ్రామ్ ఎక్కియ్యి" అని ఫ్లాపీలు నా చేతుల పెట్టిండు సారు.

ఇక్కడ ఒకటి సమజ్ కావాలె. ఫైలును చెరిపితే లోపటి రాత వెంటనే పోదు. ఆ జాగ ఖాళీ అని మిషన్ రాసుకుంటది, అంతే. ఇంకోటి తెచ్చి దాని మీద రాసేదాక పాతది అండ్లనే ఉంటది. కొత్త ప్రోగ్రామ్ ఎక్కిస్తే సరిగ్గ దాని మీదనే రాస్తది. ఆ అర్రల గీ సంగతి తెలిసినోణ్ని నేనొక్కన్నే. ఎక్కిస్తే ఫైళ్లు పోతయి, నా తప్పు గూడ ఎన్నడు బయటపడది. ఫ్లాపీ సగం దాక లోపటికి నూకిన. అబద్ధం ఎందుకు, నూకిన.

పోశాలు చాయ పట్టుకొని తలుపు కాడ నిలబడి అంత ఇన్నడు. నా దిక్కు చూసి మెల్లగ అడిగిండు. "సారూ, లోపట ఎవ్వలన్న ఉన్నరా?"

గనిల కప్పు కూలితే అందరికన్న ముందు అడిగే మాట అది. ఎట్ల కూలింది, ఎవ్వలు కూల్చిన్రు అని తర్వాత అడుగుతరు.

నేను ఫ్లాపీ బయటికి గుంజిన. "ఉన్నరు పోశాలూ" అన్న. సారు దిక్కు తిరిగి, "సార్, వైరస్ కాదు, నేనే చెరిపిన. ప్రమీలమ్మది ఏం తప్పు లేదు. ఆమె కాపీ కోసం ఫ్లాపీలు అడిగితే నేనే ఇయ్యలే. ఇప్పుడు గీ మిషన్‌ను ఎవ్వలు ముట్టొద్దు. ముట్టకుంటే శానా మట్టుకు దొరుకుతయి" అన్న.

సారు పొంగిండు. "నీకు మెమో ఇస్త!"

"ఇయ్యుండ్రి సార్. సాయంత్రం ఇయ్యుండ్రి. ఇప్పుడు టైం లేదు."

సారు కొత్త ఫ్లాపీలు జేబుల పెట్టుకొని, కుర్చీ గుంజుకొని మా ఎనుక కూసున్నడు.

మొదటి అక్షరం

చెరిపిన ఫైళ్లను తిరిగి తెచ్చే కమాండ్ ఒకటి ఉండె. దాన్ని విడి ఫ్లాపీ మీదికెల్లి నడిపిన, డిస్కు మీద ఏం రాయకుంట. చెరిపినప్పుడు ఆ మిషన్ ఫైలు పేర్ల మొదటి అక్షరాన్ని మాత్రం తుడిచేస్తది. దాని జాగల ప్రశ్న గుర్తు చూపిచ్చి, "మొదటి అక్షరం ఏంది?" అని అడుగుతది. అది చెప్తెనే ఫైలు లేచి వస్తది.

వందల పేర్లు, ఒక్కదానికి గూడ తల లేదు. నేను తోక చదివేది, ప్రమీలమ్మ తల చెప్పేది.

"ఏ, జె, ఏ, ఎల్..."

"ఆర్. రాజలింగు సారూ. ఆయనకు ముగ్గురు బిడ్డలు."

"ఇ, ఎల్, ఎల్..."

"వై పెట్టుండ్రి. ఎల్లయ్యను ఖాదర్ సాబ్ వై తోనే కొట్టుమన్నడు."

ఒక్క కాయితం చూడకుంట చెప్పింది. ఒక్కొక్కటి లేచి వస్తుంటే పోశాలు, "గీయన మా షిఫ్టు, గీయన మా బావ" అని గుర్తుపట్టుకుంట మురిసిండు. పదకొండు ఫైళ్లు రాలే. వాటి మీద ముందే ఏదో రాసిపడ్డది. వాటి కోసం ప్రమీలమ్మ, పోశాలు, నేను బస్తీలల్ల ఇల్లిల్లు తిరిగినం. కమిటీ వచ్చిననాటికి ఒక్క పేరు తక్కువ లేదు. సారు అన్నట్టే మెమో ఇచ్చిండు. దాని మీద ఒక డబ్బ కొత్త ఫ్లాపీలు పెట్టి ఇచ్చిండు.

సరితా, అప్పటిసంది నేను ఎట్ల చేసిన్నో ఇను. ప్రోగ్రామ్‌ను తీసేసే పద్ధతి దాంట్లనే ఉంటది, ముందు దానితోనే తీసెయ్యాలె. మిషన్‌ను బంద్ చేసి మళ్ల లేపాలె. అప్పుడు ఏం మిగిలిందో చూడు. ప్రతి ఫోల్డర్ తారీకు చూడు, తెరిచి లోపటిది చూడు. మనుషులు చేసుకున్నదా, ప్రోగ్రామ్ చేసుకున్నదా అనేది చూస్తెనే తెలుస్తది. వేరే ప్రోగ్రామ్‌లు గూడ వాడే ఫైలు, తీసెయ్యాల్నా అని అది అడిగితే వద్దను. ఉంటే నష్టం లేదు. అనుమానమున్నదాన్ని చెరపకు, పేరు మార్చి పక్కకు పెట్టు. ఒక నెల జూడు, నెలాఖరు పనులన్ని ఒడవనియ్యి. ఎవ్వలు "నాది లేదు" అని రాకుంటే అప్పుడు తీసెయ్యి. అన్నిటికన్న ముందు కాపీ. రిజిస్ట్రీ అని, ప్రోగ్రామ్‌ల లెక్కలన్ని మిషన్ రాసుకునే పుస్తకం ఉంటది, దాన్ని ముట్టేముందు గూడ కాపీ. ఎవ్వలన్న కాపీకి జాగ అడిగితే ఇండెంట్ అడగకు. మొత్తం ఒక్క మీటతోని సాఫ్ చేస్తనని చెప్పే ప్రోగ్రామ్‌లు ఇప్పుడు శానా ఉన్నయి. వాటిని చూస్తే నాకు నా చీపురే యాదికి వస్తది.

ఆ దినం ముచ్చట ఒకటి మిగిలింది. చివరికి తెర మీద రెండు లైన్లు ఉన్నయి. రెండిట్ల ప్రశ్న గుర్తు ఎనుక ఒక్కతీరే అక్షరాలు: ఓ, ఎన్, డి, ఏ, ఐ, ఏ, హెచ్.

"కొండయ్యనా ప్రమీలమ్మా?"

"ఒకటి కొండయ్య సారూ. కే." కొట్టిన, వచ్చింది.

"రెండోది?"

ఆమె తెర మీదికెల్లి చూపు తీసింది. "ఇది గూడ కొండయ్యనేనా?" అంటే తల అడ్డం ఊపింది. మాపటి దాక టకటక చెప్పిన మనిషి తల వంచుకొని కూసున్నది. నేను తెలివితక్కువోణ్ని, "జల్ది చెప్పు ప్రమీలమ్మా, ఇదొక్కటే ఉన్నది" అన్న.

పోశాలు ఎనుకకెల్లి అన్నడు. "ఆమె నోటితోని ఎట్ల చెప్తది సారూ? అది ఆమె పెనిమిటి పేరు."

మా దిక్కు ఆ కాలపు ఆడోళ్లు పెనిమిటి పేరు నోటితోని పలకరు. ఆ మాత్రం నాకు తట్టలే. నేను కీబోర్డును ఆమె దిక్కు నూకిన. ఆమె ఒక్క ఏలు చాపి ఎం మీద నొక్కింది. మొండయ్య లేచి వచ్చిండు. తోట మొండయ్య, పుట్టిన ఊరు, చేరిన ఏడు, భార్య ప్రమీల.

ఆమె తెర దిక్కే చూసుకుంట అన్నది. "టి ఇంటి పేరు, పి నేను. నడుమ ఆయన. నోటితోని అనకపోతి గని, కొట్టిన ప్రతి కాయితం కింద ఏసుకుంట వస్తున్న సారూ."

ఎనుక కూసున్న దామోదర్ సారు లేచి బయటికి పోయిండు.

చీపురును ఆ దినమే చెరిపిన. ఆమె రిటైరయ్యేదాక మా ఆఫీసుల ఏ మిషన్ల గూడ టీఎంపీ అని ఉన్న ఫైలును నేను ముట్టలే. జాగ నిండిపోయిందని సారు అర్సినప్పుడల్ల, ఇంకో డిస్కు తెప్పియ్యుండ్రి సార్ అనేటోణ్ని. ఆయన తెప్పిచ్చేటోడు.